చామనఛాయ అంటే ఎంత నలుపు?

ఆదివారం పత్రికలోని పెళ్లి ప్రకటనల్లో "అమ్మాయి చామనఛాయ" అని ఉంటే, పిల్ల నలుపే, పెద్దవాళ్లు కాస్త తగ్గించి రాశారని చాలామంది అనుకుంటారు. అదే రోజు జిల్లా పేజీలో గుర్తు తెలియని మృతదేహం గురించి పోలీసులిచ్చిన ప్రకటనలో "చామనఛాయ, ఎత్తు 5.5 అడుగులు, నీలం గళ్ల చొక్కా" అని ఉంటే ఎవరూ దాన్ని అలా చదవరు. అక్కడ అది ఊళ్లో ఎవరికైనా ఉండగల రంగు.

మొదటి చోట ఆ మాట ఒక అమ్మాయి విలువను తూచుతోంది. రెండో చోట అది మనిషిని పోల్చుకోవడానికి పనికి రావాలి. కానీ అందరికీ వర్తించే మాట కాబట్టి ఆ పనీ సరిగా చేయలేదు. చివరికి అయినవాళ్లు గుర్తుపట్టేది పుట్టుమచ్చతోనో, చేతి మీది పచ్చబొట్టుతోనో.

ఒంటి రంగు చెప్పే మాటలకు స్థిరమైన అర్థం ఉందా, ఉండేలా చేయగలమా అన్న ప్రశ్న మీద వందేళ్లకు పైగా చాలామంది తలలు బద్దలు కొట్టుకున్నారు. మానవ శాస్త్రవేత్తలు గాజు బిళ్లలు పట్టుకుని తిరిగారు. న్యాయమూర్తులు తీర్పులు రాశారు. జనాభా లెక్కలవాళ్లు గడులు గీశారు. వైద్యులు, కంప్యూటర్ నిపుణులు కొలబద్దలు తయారుచేశారు. వీళ్లందరి అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇదే: ఈ మాటల అర్థం చర్మంలో కంటే అడిగేవారి అవసరంలో ఎక్కువగా ఉంది. ఆ అవసరమేమిటో పైకి చెప్పని చోటల్లా ఎవరికో ఒకరికి అన్యాయం జరిగింది.

ముందు మన ఇంటి మాటలే చూద్దాం. తెలుపు, ఎరుపు, పసుపు అని మనం ఒంటి గురించి చెప్పేవి రంగుల డబ్బాలోని రంగులతో సరిపోవు. తెల్లటి మనిషిని చాలా ఊళ్లలో "ఎర్రగా ఉంటాడు" అంటారు. ఎర్రగా బుర్రగా ఉన్నాడంటే అది మెచ్చుకోలు. దబ్బపండు ఛాయ, పచ్చని పసిమి అంటే ఇంకా పెద్ద మెచ్చుకోలు. అదే పసుపు కంట్లో కనిపిస్తే కామెర్లేమోనని భయం. "తెల్లగా పాలిపోయింది" అంటే ఒంట్లో రక్తం లేదని దిగులు. ఇక "రంగు" అనే మాట సంగతి మరీ తీవ్రమైనది. "పిల్ల మంచి రంగు", "పట్నం వెళ్లాక రంగు తేలాడు", "మనిషి బాగానే ఉంటుంది గానీ రంగు తక్కువ". ఈ వాడుకలో రంగంటే తెలుపే. నలుపు అసలు రంగు కిందే లెక్కకు రాలేదు. పసిపిల్లల చెవిన పడే మొదటి మాటల్లోనే ఈ తీర్పు ఉంటుంది.

పాత గ్రంథాల్లో లెక్క వేరుగా ఉంది. భరతుడి నాట్యశాస్త్రం నటుల వేషధారణ చెప్పేచోట ఏ ప్రాంతం పాత్రకు ఏ రంగు పూయాలో నిర్దేశిస్తుంది. ఆంధ్రులకు, ద్రావిడులకు, మరికొందరు దక్షిణాది వారికి, వారితోపాటు కాశీ, కోసల వాసులకు కూడా అసితం, అంటే నలుపు. అంగ, వంగ, కళింగుల వంటి వారికి శ్యామం. శకులకు, యవనులకు గౌరం. ఇక్కడి గౌరాన్ని అనువాదకులు ఎరుపు కలిసిన పసుపుగా చెప్పారు, పాలతెలుపుగా కాదు. శ్యామం ఒక చోట నలుపు, ఒక చోట ముదురు నీలం, మరో చోట ఆకుపచ్చ ఛాయ. చామనఛాయలోని "చామన" ఆ శ్యామం నుంచి వచ్చిందే. మహాభారతంలో ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె నలుపు వల్లనే వచ్చింది. ఆ నలుపు ఆమె అందానికి అడ్డు వచ్చినట్టు వ్యాసుడు ఎక్కడా చెప్పలేదు. రాముడు, కృష్ణుడు నల్లనివారని పాడుకున్న జనమే క్యాలెండర్లలో, వెండితెర మీద వాళ్లను నీలంగా మార్చుకున్నారు. నాట్యశాస్త్రాన్ని సమానత్వ గ్రంథమని చెప్పడానికి వీల్లేదు. అదే ప్రకరణం బ్రాహ్మణ క్షత్రియులకు గౌరం, వైశ్య శూద్రులకు శ్యామం అని కూడా పంచిపెట్టింది. రంగును కులానికి ముడిపెట్టే సామెతలు తెలుగులోనూ ఉన్నాయి. వాటిని మళ్లీ అచ్చు వేయాల్సిన పని లేదు.

ఆ ముడిని వ్యాపారం బాగా వాడుకుంది. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 1975లో మన మార్కెట్లోకి వచ్చింది. నల్లటి అమ్మాయికి ఉద్యోగం రాదు, పెళ్లి కాదు, క్రీము రాస్తే రెండూ అవుతాయన్న కథను ఆ ప్రకటనలు దశాబ్దాల పాటు చెప్పాయి. ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో ఇలాంటి కథలకు కొన్ని హద్దులు పెట్టింది. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత రేగిన ఉద్యమ వేడిలో కంపెనీ క్రీము పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చింది. డబ్బా మీద పదం మారింది, డబ్బా కొనే కారణం మారలేదు. అదే ఏడాది షాదీ డాట్ కామ్, అమెరికాలోని ప్రవాస భారతీయ మహిళలు మొదలుపెట్టిన ఆన్‌లైన్ విజ్ఞాపన తర్వాత, ఒంటి రంగును బట్టి సంబంధాలు వెతికే మీటను తీసేసింది. ఇది మంచి నిర్ణయం. పెళ్లి ప్రకటనలు వేసే మన దినపత్రికలు కూడా రంగు మాటను నిరాకరిస్తే పోయేదేమీ లేదు. ఫోటోలు, వీడియో కాల్స్ ఉన్న ఈ రోజుల్లో ఆ మాట చేరవేసే సమాచారం సున్నా. అది చేసేది అమ్మాయిని ముందుగానే ఒక మెట్టు దించడం.

ఒకే మనిషిని రెండు దేశాలు రెండు రకాలుగా చదవడానికి నీనా దావులూరి కంటే మంచి ఉదాహరణ దొరకదు. కుటుంబ మూలాలు విజయవాడలో ఉన్న ఈ తెలుగు యువతి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలిచారు. ఆ రాత్రే అక్కడి కొందరు ఆమెను అరబ్బు అని, అమెరికన్ ఎలా అవుతుందని తిట్టిపోశారు. ఇక్కడేమో, ఇంత నల్లటి అమ్మాయికి మన దేశంలో అందాల పోటీలో గెలుపు దక్కేదా అన్న చర్చ నడిచింది. చర్మం ఒక్కటే. అమెరికాలో అది పరాయి దేశపు గుర్తయింది. ఇక్కడ అది అందం మీద తీర్పయింది. ఆ తర్వాత ఆమె ఈ వివక్ష మీదే డాక్యుమెంటరీ తీశారు.

తెలుగు సినిమా ఈ మాటలను ఇంకో దారిలో నేర్పింది. "పుష్ప"లో (2021) ఎర్రచందనం కూలీగా, పల్లెటూరి పిల్లగా కనిపించడానికి నాయకా నాయికల ఒంటికి నలుపు పూశారు. ఇక్కడ నలుపు పేదరికానికి, ఎండలో చేసే కష్టానికి గుర్తు. నిజంగా ఆ రంగులో ఉన్న నటులకు ఆ పాత్రలు ఎందుకు దక్కవన్న ప్రశ్న న్యాయమైనదే. నల్లటి కుర్రాడి ప్రేమను కథా వస్తువుగా తీసుకున్న "కలర్ ఫోటో" (2020) ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. రంగు వల్ల కలిగే చిన్నచూపును పక్కకు నెట్టకుండా కథ నడిమధ్యలో పెట్టినందుకు ఆ సినిమాను గుర్తుపెట్టుకోవాలి.

పెద్ద పదవి కూడా ఈ చూపు నుంచి కాపాడదు. 2025 మార్చిలో కేరళ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి శారదా మురళీధరన్ ఫేస్‌బుక్‌లో తన అనుభవం రాశారు. అదే పదవిలో తనకు ముందు పనిచేసిన భర్త హయాం ఎంత తెలుపో, ఈమె హయాం అంత నలుపని ఒకరు వ్యాఖ్యానించారట. నాలుగేళ్ల వయసులో తనను మళ్లీ కడుపులో పెట్టుకుని తెల్లగా కనమని తల్లిని అడిగిన సంగతినీ ఆమె అందులో చెప్పారు. నలుపును దాచకుండా తనదని చెప్పుకోవాలన్నది ఆమె తేల్చుకున్న మాట.

ఇక కోర్టులు. అమెరికాలో విదేశీయులు పౌరసత్వం పొందాలంటే "తెల్ల వ్యక్తి" అయివుండాలనో, ఆఫ్రికా మూలాలు ఉండాలనో చట్టం ఉన్న రోజుల్లో, తకావో ఒజావా అనే జపనీయుడు దరఖాస్తు పెట్టుకున్నాడు. జపాన్ వాళ్ల చర్మం నిజంగానే తెల్లగా ఉంటుందని వాదించాడు. చర్మం రంగును బట్టి తేల్చలేం, తెల్లవారంటే కాకేసియన్ జాతివారని 1922 నవంబరులో సుప్రీంకోర్టు అతని వాదన తోసిపుచ్చింది. మూడు నెలలకే భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ వచ్చాడు. ఆనాటి శాస్త్రం ప్రకారం ఉత్తర భారతీయులు కాకేసియన్లే కాబట్టి తాను తెల్లవాణ్నేనన్నాడు. ఈసారి అదే కోర్టు శాస్త్రాన్ని పక్కన పెట్టి, సామాన్యుడు ఎవరిని తెల్లవాడనుకుంటాడో అతనే తెల్లవాడని 1923లో తీర్పు చెప్పింది. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. ఒకరికి రంగు చాలలేదు, ఇంకొకరికి జాతి చాలలేదు. థింద్ తీర్పు భారతీయులందరికీ తలుపు మూసింది. 1946లో చట్టం మారే దాకా అది తెరుచుకోలేదు. భీమవరంలో పుట్టి, అమెరికా ప్రయోగశాలల్లో ప్రపంచానికి మందులు కనిపెట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో ఆ దేశ పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

దక్షిణాఫ్రికాలో ఈ కథ ఇంకా క్రూరంగా నడిచింది. 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేసింది. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ గుచ్చి, జారి పడుతుందా నిలుస్తుందా అని చూసి నిర్ణయించిన సందర్భాలున్నాయి. ఒకే ఇంట్లోని వాళ్లను వేర్వేరు జాబితాల్లో రాశారు. ఆ వ్యవస్థను ఎదిరించిన స్టీవ్ బికో తరం యువకులు "నల్లవారు" అనే మాటను తిరగరాశారు. చర్మం ఏ ఛాయలో ఉన్నా, అణచివేతకు గురైన ఆఫ్రికన్లు, మిశ్రమ జాతులు, భారతీయులు అందరూ నల్లవారేనన్నారు. 1998లో వచ్చిన ఉద్యోగ సమానత్వ చట్టం దాదాపు ఆ అర్థాన్నే శాసనంగా మార్చింది. చెరకు తోటల కూలీలుగా నాటాల్ వెళ్లిన తెలుగువాళ్ల మునిమనవలు, ఎంత దబ్బపండు ఛాయలో ఉన్నా, ఈ చట్టం ప్రకారం నల్లవారే. 2008లో ప్రిటోరియా హైకోర్టు చైనా మూలాలున్న దక్షిణాఫ్రికన్లను కూడా ఆ నిర్వచనంలో చేర్చింది. బ్రిటన్‌లోనూ 1979లో మొదలైన సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ సంస్థలో దక్షిణాసియా మహిళలు ఆ మాటను ఇష్టంగా తమ పేరులో పెట్టుకున్నారు. ఇన్ని వాడుకల్లో అర్థవంతమైనవి ఇవే. ఎందుకంటే ఎవరికి, ఏ నష్టం పూడ్చడానికి ఆ మాట వాడుతున్నారో అవి దాచకుండా చెప్పాయి.

బ్రెజిల్ వాళ్లు మరో ప్రయోగం చేశారు. 1976లో అక్కడి ప్రభుత్వ గణాంక సంస్థ ఇంటింటి సర్వేలో గడులు ఇవ్వకుండా "మీ రంగేమిటి" అని మాత్రమే అడిగితే 130కి పైగా రకాల జవాబులు వచ్చాయి. దాల్చినచెక్క రంగు, ఎండకు కాలిన రంగు, కాఫీ రంగు, మన ఇంగ్లిష్ దరఖాస్తుల్లోని వీటిష్ లాగే గోధుమ రంగు. తర్వాత విశ్వవిద్యాలయాల్లో నల్లవారికి సీట్లు కేటాయించినప్పుడు ఈ రంగుల తోటకు కంచె వేయాల్సి వచ్చింది. 2007లో బ్రసీలియా విశ్వవిద్యాలయం ఫోటోలు చూసి ఎవరు నల్లవారో తేల్చింది. ఒకే పోలికలో ఉన్న కవలల్లో ఒకరిని నల్లవాడని ఒప్పుకుని, ఇంకొకరిని కాదంది. ఇలాంటి తప్పును చూపి కేటాయింపులే వద్దనేవారున్నారు. ఆ వాదన నిలవదు. అక్కడ వివక్ష చూపేది చూపరి కళ్లే కాబట్టి చూపరి అంచనాను పూర్తిగా వదిలేయడం కుదరదు. ఒక ఫోటోతో తేల్చేయడమే తప్పు.

కొలిస్తే గొడవ తీరుతుందన్న ఆశ పాతదే. 20వ శతాబ్దం తొలి రోజుల్లో ఆస్ట్రియాకు చెందిన ఫెలిక్స్ ఫాన్ లూషాన్ 36 రంగు గాజు బిళ్లల వరుస తయారుచేశాడు. ఎండ తగలని చోట, చేతి లోపలి వైపున బిళ్ల ఆనించి పోల్చేవారు. ఒకే చేతికి ఇద్దరు పరిశీలకులు వేర్వేరు అంకెలు చెప్పేవారు. 1950ల నుంచి చర్మం మీద వెలుగు వేసి ఎంత తిరిగి వస్తుందో కొలిచే పరికరాలు దాన్ని పక్కకు నెట్టాయి.

ఇప్పుడు అన్నిచోట్లా వినిపించేది ఫిట్జ్‌పాట్రిక్ కొలమానం. దీని చుట్టూ ఉన్న అపార్థాన్ని విప్పి చెప్పాలి. హార్వర్డ్ చర్మ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో దీన్ని తయారుచేసింది సోరియాసిస్ రోగులకు అతినీలలోహిత కిరణాల మోతాదు నిర్ణయించడానికి. ఎండలో నిలబడితే ఒళ్లు కమిలిపోతుందా, నల్లబడుతుందా అన్నదే అందులోని ప్రశ్న. మొదట ఉన్న నాలుగు తరగతులూ తెల్లవాళ్లవే. గోధుమ, నలుపు చర్మాల కోసం అయిదు, ఆరు తరగతులు తర్వాత చేర్చారు. తెల్లవాళ్ల మధ్య తేడాలకు నాలుగు గడులు, మిగతా ప్రపంచానికి రెండు. చలికాలం తర్వాత తొలి ఎండ తగిలినప్పుడు ఏమవుతుందని రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండే మనిషిని అడిగితే ఏం చెప్పగలడు? అయినా ఎండకు చర్మం స్పందించే తీరును చెప్పే ఈ కొలమానాన్ని ప్రపంచం రంగుల పట్టికగా వాడేసుకుంది. 2015లో యూనికోడ్ ఎమోజీలకు ఇచ్చిన అయిదు ఛాయలు దీని నుంచి వచ్చినవే, మొదటి రెండు తరగతులను కలిపేసి.

దీని ఫలితాలు చిన్నవి కావు. 2018లో జాయ్ బులామ్‌వినీ, టిమ్నిట్ గెబ్రూ ముఖం చూసి ఆడా మగా తేల్చే వాణిజ్య సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లటి మగవాళ్ల విషయంలో పొరపాటు అత్యధికంగా 0.8 శాతం. నల్లటి స్త్రీల విషయంలో అది 34.7 శాతం దాకా పోయింది. వాళ్లకూ అప్పుడు అందుబాటులో ఉన్నది ఫిట్జ్‌పాట్రిక్ తరగతులే. హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త ఎల్లిస్ మాంక్ రూపొందించిన పది ఛాయల కొలమానాన్ని గూగుల్ 2022లో విడుదల చేసింది. ముదురు ఛాయలకు అందులో చోటు పెరిగింది. పది కూడా కొద్దే, కానీ వెనకటి కంటే మెరుగు.

జన్యుశాస్త్రం చెప్పేది వింటే గడుల మీద నమ్మకం మరింత తగ్గుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాల సంఖ్య తెల్లవారిలోనూ నల్లవారిలోనూ ఇంచుమించు సమానమే. తేడా అవి తయారుచేసే మెలనిన్ రకంలో, పరిమాణంలో, అది చర్మంలో పంపిణీ అయ్యే తీరులో ఉంది. 2005లో జీబ్రా చేపల పరిశోధనతో బయటపడిన ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులోని ఒక మార్పు ఐరోపావారి తెలుపుకు ఒక ముఖ్య కారణం. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొని 2013లో ప్రచురించిన అధ్యయనం, దక్షిణాసియాలోనూ ఆ మార్పు ఉందని, రెండుచోట్లా దాని మూలం ఒకటేనని చూపింది. మన దేశంలో అది ఒక్కో ప్రాంతంలో, ఒక్కో సమూహంలో ఒక్కో మోతాదులో ఉంది. పైగా రంగును నడిపే జన్యువులు ఇంకా చాలా ఉన్నాయి. ఒకే తల్లి పిల్లల్లో ఒకరు పసిమిగా, ఇంకొకరు నేరేడుపండులా ఉండడం అందుకే. రంగు చూసి వంశం చెప్పేస్తామనేవారికి ఇందులో ఆధారం దొరకదు.

అలాగని రంగు ఊసే ఎత్తకూడదనే వాదం కూడా ఆసుపత్రి గడప దాటలేదు. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు వేలికి తగిలించే ఆక్సిమీటర్ల మీద ఒక పరిశీలన ప్రచురించారు. పరికరం 92 నుంచి 96 చూపిస్తున్నా రక్తంలో నిజమైన ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. కొన్ని నెలలకే, కరోనా రెండో ఉధృతిలో, తెలుగు ఇళ్లు ఆ పరికరం చూపే అంకె మీదే ఆశ పెట్టుకున్నాయి. 94 కంటే తగ్గితేనే ఆసుపత్రికి అనుకున్న రోజులవి. ఆ పరిశీలనలోని "నల్లవారు" ఎవరన్నది కూడా గమనించాలి. వాళ్లు ఆ జాతివారమని చెప్పుకున్న రోగులు. వాళ్ల చర్మాన్ని ఎవరూ కొలవలేదు. దాని ఆధారంగా చామనఛాయ తెలుగు రోగికి పొరపాటు ఎంత ఉంటుందో లెక్క కట్టలేం. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2025 జనవరి ముసాయిదాలో, ఇలాంటి పరికరాలను పరీక్షించేటప్పుడు మాంక్ ఛాయలతో పాటు పరికరంతో రంగు కొలిచి నమోదు చేయాలని సూచించింది. సరైన దారి ఇదే. రంగును ఎందుకు అడుగుతున్నారో, ఎలా కొలిచారో చెప్పి అడగడం.

మిగతా వైద్యంలో ఈ పని ఇంకా మొదట్లోనే ఉంది. పాఠ్యపుస్తకంలో "ఎర్రటి దద్దురు" అని ఉంటుంది. నల్లటి ఒంటి మీద అది ఊదాగానో, చుట్టూ ఉన్న చర్మం కంటే ముదురుగానో కనిపిస్తుంది. దెబ్బ తగిలి కందిపోయిన చోటూ అంతే. లండన్ వైద్య విద్యార్థి మలోన్ ముక్వెండే 2020లో తన అధ్యాపకులతో కలిసి, నల్లటి చర్మం మీద వ్యాధి లక్షణాలు ఎలా ఉంటాయో చూపే చిన్న పుస్తకం తెచ్చాడు. బిడ్డ పుట్టగానే వేసే అప్గార్ మార్కుల్లో ఒంటి రంగు గులాబీగా ఉందా అన్నది ఇప్పటికీ ఒక అంశం. మన నర్సులు అనుభవంతో పెదవులు, నాలుక చూసి ఆ లోటు పూడుస్తారు. రక్తహీనతకు కింది కనురెప్ప, కామెర్లకు కంటి తెల్లగుడ్డు చూడాలని ఆశా కార్యకర్తలకూ తెలుసు. చర్మం మీద పాలిపోయిన మచ్చ కనిపిస్తే అది స్పర్శ తెలియని కుష్ఠు మచ్చో, బొల్లో, మామూలు శోభి మచ్చో తేల్చడానికి మాత్రం చామనఛాయ చర్మం మీద తీసిన మంచి బొమ్మలు కావాలి. ఆ రోగులు మన దగ్గరే ఉన్నారు. ఉస్మానియాలో, గాంధీలో, విశాఖ కేజీహెచ్‌లో, గుంటూరు జీజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీలకు రోజూ వస్తున్నారు. వారి అనుమతితో తీసిన ఫోటోలతో, ఏ ఛాయ మీద ఏ జబ్బు ఎలా కనిపిస్తుందో తెలుగులో చెప్పే పుస్తకాన్ని రెండు రాష్ట్రాల వైద్య కళాశాలలు కలిసి తయారుచేయాలి, దాన్ని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ పంపాలి.